హాస్టల్లో చేరిన కుర్రాడు మూణ్ణెల్లకే మారిపోయాడు, ఇంటికి తెచ్చేయమంటారా?

అమ్మా, తెచ్చేయకండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతాది రాస్తాను, ఎందుకంటే మీరు రాసింది చూస్తే ఈ ఆదివారమే కారు మాట్లాడుకుని వెళ్లి పెట్టె సర్దించేసేలా ఉన్నారు.

మీరు అడిగింది ఇదీ. మీ ఊరు పి.గన్నవరం దగ్గర, బాబుకి పదమూడేళ్లు, జూన్‌లో పాలకొల్లు వైపు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఎనిమిదో తరగతిలో చేర్చారు. మొదటి నెలంతా ఫోన్లో ఏడ్చాడు, ఇప్పుడు ఏడవట్లేదు గానీ ఊ, ఆ తప్ప మాట లేదు. గొంతు ఏదోలా అయిపోయింది, జలుబు పట్టేసిందేమో అని మీ భయం. పోయిన ఆదివారం వెళ్లి అందరి ముందూ తల నిమిరితే చెయ్యి తోసేశాడు. తోటి పిల్లలు వాణ్ణి "పొట్టిక్క" అని పిలుస్తున్నారు. ఇంట్లో వాళ్ల మామ్మ సరిగ్గా అన్నం తినట్లేదు, వాళ్ల నాన్నేమో వాడు మన చెయ్యి దాటిపోతున్నాడు తెచ్చేద్దాం అంటున్నారు.

నేను ఇరవైతొమ్మిదేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను, అందులో పంతొమ్మిదేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను, కోనసీమలో కొన్నాళ్లు, వశిష్ట గోదావరి దాటి అవతల కొన్నాళ్లు. మీరు రాసిన నాలుగు లక్షణాలూ కలిపి ఒకే పిల్లాడిలో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ముందు బెంగ సంగతి. జ్వరం వచ్చింది అంటాం, బెంగ మాత్రం పెట్టుకున్నాడు అంటాం చూశారా, మన పెద్దాళ్లకి తెలుసు, అది లోపల ఒక చోట పెట్టుకుని మోసే బరువు. రోజంతా ఉండదు. పొద్దున్నే పీఈటీ విజిల్ దగ్గర్నుంచి సాయంత్రం ఆటల దాకా పిల్లాడికి గుర్తే ఉండదు, స్నానాలైపోయి దీపాలు పెట్టే వేళకి, స్టడీ అవర్‌కి బెల్ కొట్టే ముందు ఒక పావుగంట ఖాళీ ఉంటుంది చూడండి, అప్పుడొస్తుంది. మళ్లీ ఆదివారం తల్లిదండ్రులు వెళ్లిపోయాక మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. మీవాడు మీకు ఫోన్ చేసేది ఆదివారం, అంటే మీరు వాణ్ణి వినేదే వాడికి వారంలో అన్నిటికన్నా కష్టమైన గంటలో. ఇంకోటి కూడా ఆలోచించండి, ఆఫీసు రూం బయట ఫోన్ దగ్గర వాడి వెనకాల పదిమంది క్యూలో నిలబడి "కానీరా బాబూ కానీ" అంటూ ఉంటారు, వాళ్లలో సగం మంది వింటూనే ఉంటారు, వాళ్ల ముందు "అమ్మా నువ్వు గుర్తొస్తున్నావు" అని ఏ పదమూడేళ్ల కుర్రాడూ అనలేడు. అందుకే ఊ, ఆ. ఆ ఊ లో చాలా ఉంటుందమ్మా, మీరు మాట్లాడుతూ ఉండండి, ఆవు ఈనింది, కొబ్బరి దింపు తీయించాం, పక్కింటోళ్ల అరుగు మీద పిల్లి పిల్లల్ని పెట్టింది, ఇలాంటివి చెప్పండి చాలు. "తిన్నావా, సన్నబడ్డావా, ఎవరైనా ఏమన్నా అన్నారా" అని వరసగా ప్రశ్నలు వేస్తే వాడు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు.

ఇప్పుడు గొంతు. అది జలుబు కాదు, మిరియాల కషాయం పంపకండి. ఈ వయసులో మగపిల్లల స్వరపేటిక గబగబా పెరుగుతుంది, లోపల స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి, పాత కొలతకి అలవాటుపడ్డ కండరాలకి ఈ కొత్త కొలత పట్టుబడేదాకా గొంతు ఒక మాటలోనే రెండు మెట్లు ఎక్కి దిగుతుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవ్వొచ్చు, కొందరికి నాలుగైదు నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఇంట్లో అయితే ఇది అమ్మా నాన్నా చూస్తారు, హాస్టల్లో ఆరొందల మంది వింటారు, తేడా అంతా అక్కడే ఉంది.

రాజోలు దగ్గర చేస్తున్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. ఫిబ్రవరిలో స్కూలు వార్షికోత్సవం. మన వైపు పద్యం లేకుండా స్టేజీ కట్టరు కదా, రాయబారం సీను పెట్టాం. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు ఉండేవాడు, ఆరో తరగతి నుంచీ అసెంబ్లీలో ప్రార్థన వాడే పాడేవాడు, గొంతు తేనె, కృష్ణుడు వాడే అని ఎవరూ అనుకోకుండానే ఖాయమైపోయింది. డిసెంబర్ నుంచి రిహార్సల్స్. హార్మోనియం వాయించడానికి పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చేవారు, సంక్రాంతి సెలవులయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి "మాస్టారూ, కుర్రాడి శ్రుతి దిగుతోందండీ, ఇంకా దిగుద్ది, వేరేవాణ్ణి చూసుకోండి" అన్నారు. ఆయన చెవికి తెలిసింది నేను పట్టించుకోలేదు. అది నా తప్పు, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆ రాత్రి వాడు నీలం రంగు పూసుకుని, కిరీటం, నెమలిపింఛం పెట్టుకుని వచ్చి నిలబడితే స్టేజీ వెలిగిపోయింది. మొదటి రెండు పాదాలూ బ్రహ్మాండంగా పాడాడు. మూడో పాదం చివర రాగం ఎత్తాడు, ఎత్తిన రాగం పైకి వెళ్లి అక్కడ తెగిపోయింది, తెగి, ఎక్కడో కింద నుంచి మే... అని మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. హార్మోనియం పెద్దాయన చటుక్కున ఒక మెట్టు దించి అందించారు, వాడు అందుకోబోయాడు, మళ్లీ మే. అంతే, పందిరి మొత్తం పగలబడి నవ్వింది, పిల్లలు, తల్లిదండ్రులు, ఊళ్లోవాళ్లు, ఎదురుగా సింహాసనం మీద దుర్యోధనుడైతే మీసం ఊడి ఒళ్లో పడినా చూసుకోకుండా నవ్వుతున్నాడు. వీడు రెండు చేతుల్తో కిరీటం పట్టుకుని తెర వెనక్కి, అక్కణ్ణుంచి చీకట్లోకి పరుగు.

వెతుక్కుంటూ వెళ్తే వంటశాల వెనక కొబ్బరి డొక్కలు దాచే పాకలో దొరికాడు. నాకన్నా ముందే మా వంటాయన కనిపెట్టేశాడు. ఆ రోజు అతిథులకి గారెలు వేస్తున్నారు, బాదం ఆకులో వేడి గారెలు నాలుగు పెట్టి పట్టుకొచ్చి వాడి పక్కన గొంతుక్కూర్చుని "నవ్వితే నవ్వనీ బాబూ, ముందు తిను, ఖాళీ కడుపుతో ఏడవకూడదు" అంటున్నాడు. నీలం మొహం మీద రెండు తెల్లటి చారలు, కిరీటం పక్కకి ఒరిగి ఉంది, చేతిలో గారె, వేడికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ వెక్కుతూ కొరుకుతున్నాడు. ఆ దృశ్యం నాకు కళ్లు మూసుకుంటే ఇప్పుడూ కనబడుతుంది.

పదిరోజులు ఎవరితోనూ మాట లేదు. మేకకృష్ణుడు అని పేరు పడిపోయింది. పదకొండో రోజో పన్నెండో రోజో రాత్రి రౌండ్స్‌కి వెళ్తుంటే లైట్లార్పాక కూడా డార్మిటరీలో ఒకటే నవ్వులు, కిటికీ పక్కన ఆగి విన్నాను. వాడే. మంచం మీద నిలబడి, దుప్పటి భుజాన వేసుకుని, ఆ పద్యం మొదట్నుంచి చివరిదాకా మేక గొంతుతో, కావాలనే, పాడుతున్నాడు. మధ్యలో ఆగి హార్మోనియం పెద్దాయన కంగారుగా మెట్టు దించడం, దుర్యోధనుడి మీసం ఊడటం, వంటాయన మాట అన్నీ చేసి చూపిస్తున్నాడు. లైట్లార్పాక గోల చేస్తే మా దగ్గర మర్నాడు గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు, ఆ రాత్రి మాత్రం నేను అలికిడి చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

అమ్మా, నేను మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నది ఈ ఒక్క సంగతి కోసమే. తనకి జరిగిన అవమానాన్ని పిల్లాడు తనే కథ చేసి తోటివాళ్లని నవ్వించిన రోజున వాడు ఆ చోట కుదురుకున్నట్టు. అది వార్డెన్ చెప్తే రాదు, అమ్మానాన్న చెప్తే రాదు. కొందరికి పదిరోజులు పడుతుంది, కొందరికి రెండు టెర్ములు. ఆ రోజు రాకముందే ఇంటికి తెచ్చేస్తే వాడి మనసులో ఆ స్కూలు ఎప్పటికీ చీకట్లోకి పరిగెత్తిన చోటుగానే మిగిలిపోతుంది. అలా మధ్యలో తీసుకెళ్లిన పిల్లలు తర్వాత పెద్దవాళ్లై కలిసినప్పుడు నాతో అన్నమాట ఇది, నా ఊహ కాదు.

మీరు రాయలేదు గానీ ఇంకొన్ని కూడా జరుగుతూ ఉంటాయి, ముందే చెప్తాను. చెప్పులు, బూట్లు మూణ్ణెల్లకే ఇరుకైపోతాయి, ఎందుకంటే ఈ వయసులో ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లూ చేతులూ, ఒళ్లు చివర. అందుకే మెస్‌లో పళ్లెం జారిపోవడం, గుమ్మానికి తగులుకోవడం, నీళ్ల బకెట్టు తన్నేయడం, వాళ్ల నాన్న చూస్తే అశ్రద్ధ అని తిడతారు గానీ వాడి కాలు నిన్న ఉన్న చోట ఇవాళ లేదు మరి. బాగా పొడుగయ్యే ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు కూడా పెరుగుతారు. ఆకలి అలాగే ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఆకలేస్తుంది, అందుకే సున్నుండలు, జంతికలు మామూలుగా పంపేదానికి రెండింతలు పంపండి, డబ్బా మూత మాత్రం గట్టిదై ఉండాలి, లేకపోతే రేకు పెట్టెలోకి చీమలొచ్చి ముందు అవి తినేస్తాయి. పొద్దున్న ఐదింటికి లేవలేక చివాట్లు తింటున్నాడంటే అది బద్ధకం కాదు, ఈ వయసులో ఒళ్లే నిద్రని గంటా రెండు గంటలు వెనక్కి నెడుతుంది, రాత్రి పదికి నిద్ర రాదు, పొద్దున్న మెలకువ రాదు. దీనిమీద నేను పనిచేసిన రెండు చోట్ల హెడ్ మాస్టర్లతో వాదించాను, ఒకచోట ఐదు నుంచి ఐదున్నరకి జరిపారు, అరగంటే అయినా పిల్లలు స్టడీలో కునికిపాట్లు పడటం తగ్గింది.

ఇంకో సంగతి మగపిల్లలు ఎవరికీ చెప్పుకోరు. బనీను విప్పకుండా స్నానం చేస్తున్నాడంటే, ఈత మానేశాడంటే, చాలాసార్లు కారణం ఒకటే, ఈ వయసులో చాలామంది మగపిల్లలకి ఛాతీ దగ్గర కొంచెం వాపు, గట్టిదనం వస్తుంది, ముట్టుకుంటే నొప్పి. హార్మోన్ల సర్దుబాటులో వచ్చేది, ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కుర్రాడు మాత్రం తనకేదో అయిపోయిందని రాత్రులు నిద్రపోడు. దసరా సెలవులకి వస్తాడు కదా, వాళ్ల నాన్ననో మేనమామనో పక్కన కూర్చోబెట్టుకుని, ఇలాంటివి అందరికీ వస్తాయిరా అని ఒక్కసారి చెప్పమనండి. అనుమానంగా ఉంటే డాక్టర్‌కి చూపించండి, నష్టమేం లేదు.

పొట్టిక్క సంగతికొద్దాం. మీరు వాడు పొట్టిగా ఉన్నాడని ఎగతాళి చేస్తున్నారనుకున్నారు. నాకలా అనిపించట్లేదమ్మా. మీది అంబాజీపేట పక్కనే, పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు మీ వైపు పేరున్న టిఫిన్, మెస్‌లో మొదటి రోజు ఇడ్లీ పెట్టినప్పుడు మీవాడు "ఇదేం ఇడ్లీరా, మా ఊరొచ్చి పొట్టిక్కలు తినండి" అని గొప్ప చెప్పి ఉంటాడు, ఇంకేముంది, పేరు పడిపోయింది. హాస్టల్లో పేరు పడటం అంటే ఇంట్లో బారసాల చేసినట్టే, పేరు లేనివాడిని ఎవరూ ఆటకి పిలవరు. తెల్ల చొక్కాలకి నీలిమందు మూత నిండా పోసేసి సోమవారం అసెంబ్లీకి ఆకాశంలాంటి చొక్కాతో వచ్చిన కుర్రాణ్ణి నేనెరుగుదును, రెండువందల తెల్లచొక్కాల మధ్య వాడొక్కడే, పదో తరగతి అయ్యేదాకా వాడు నీలిమందే, ఇప్పుడు వాడి పెళ్లి శుభలేఖ వాట్సాప్‌లో నాకు పంపినప్పుడు కూడా కింద "మీ నీలిమందు" అని రాశాడు.

అయితే అన్ని పేర్లూ ఒకటి కాదు, ఇక్కడ జాగ్రత్తగా వినండి. కులం మీద, రంగు మీద, తండ్రి చేసే పని మీద, ఒంట్లో లోపం మీద పెట్టిన పేరైతే అది ఆట కాదు, వెంటనే వార్డెన్‌ని కలిసి మాట్లాడాల్సిందే. ఆ పేరు మీకు ఎవరు చెప్పారన్నది కూడా చూడండి, వాడే చెప్పాడా, వాడు దాస్తుంటే మీకు వేరేవాళ్ల ద్వారా తెలిసిందా. నవ్వులో వాడూ ఉన్నాడా, వాడి మీద మాత్రమే నవ్వుతున్నారా. ఒంటి మీద దెబ్బలు, చెప్పలేని భయం, సామాన్లు పదే పదే పోవడం, డబ్బులు ఎక్కువ అడగడం, ఫలానా సీనియర్ పేరెత్తితే ముడుచుకుపోవడం, మళ్లీ పక్క తడపడం, తిండి పూర్తిగా మానేయడం, చచ్చిపోతాను అనే మాట, వీటిలో ఏ ఒక్కటి కనబడినా నేను పైన చెప్పిందంతా పక్కనపెట్టి ఆ రోజే వెళ్లండి, పిల్లాణ్ణి ముందు మీ దగ్గరికి తెచ్చుకోండి, మాట్లాడటం తర్వాత. 1098 అని పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, ఏ వేళైనా చెయ్యొచ్చు, డబ్బు పడదు, ఆ నంబర్ వాడికి కూడా నోటికి వచ్చేలా చెప్పండి. మీరు రాసినదాంట్లో ఇవేవీ నాకు కనబడలేదు గనకే తెచ్చేయొద్దు అన్నాను.

మీరు చేయి దాటిపోతున్నాడు అని రాశారు కదా, దానికి ఇంకో కుర్రాడి కథ చెప్పాలి. అదే రాజోలు వైపు స్కూలు, మాఘమాసం, భీష్మ ఏకాదశి, అంతర్వేదిలో నరసింహస్వామి రథం. ఆ రోజు ఆ దారిలో బస్సులన్నీ జనంతో ఒరిగిపోయి వెళ్తుంటే క్లాసులో కూర్చోవడం పిల్లలకి ఎంత కష్టమో చెప్పలేను. మధ్యాహ్నం భోజనాల తర్వాత ముగ్గురు తొమ్మిదో తరగతివాళ్లు వెనక గోడ దూకి వెళ్లిపోయారు. సాయంత్రం అటెండెన్స్‌లో తేలింది. నేను పోలీసులకి చెప్దామా అనుకుంటుండగా గేటు దగ్గర ఆటో ఆగింది, లోంచి ముందు ఒక డెబ్బయ్యేళ్ల మామ్మ దిగింది, చేతిలో జీళ్ల పొట్లాలు, వెనకాల వరసగా ముగ్గురూ, మొహాల్లో రక్తం చుక్క లేదు. లక్షమంది తీర్థంలో రథం తాడు దగ్గర మనవడు చొక్కా విప్పి తల మీద కప్పుకుని నిలబడితే, నడక చూసి పట్టేసిందిట ఆవిడ. ముగ్గురికీ తీర్థం చూపించి, జీళ్లు, కర్జూరం కొనిపెట్టి, దగ్గరుండి తీసుకొచ్చింది.

ఆవిడ నాతో "మాస్టారూ, కోప్పడకండి బాబూ, నాకు ఒంట్లో బాలేదని కబురెడితే చూడ్డానికొచ్చాడు" అంది. పెద్దావిడ, మనవడి కోసం అబద్ధం చెప్తోంది, నేను సరేనండి అనబోతున్నాను. అప్పుడు వాడు, అదే మారుతున్న గొంతుతో, "కాదండీ, మామ్మకేం తెలీదు, నేనే గోడ దూకాను, వీళ్లిద్దర్నీ కూడా నేనే రమ్మన్నాను" అన్నాడు. మధ్యలో గొంతు కీచుమంది, పక్కనున్నవాడికి నవ్వొచ్చి ఆపుకున్నాడు, వీడు మాత్రం ఆగకుండా చివరిదాకా చెప్పాడు. మామ్మ వాణ్ణి కొత్తగా చూసినట్టు చూసింది. శిక్ష వేశాను, వారంరోజులు ముగ్గురూ తోటకి నీళ్లు పోశారు. కానీ ఆ రోజు నుంచి వాడు ఏదైనా చెప్తే నేను మళ్లీ రెండోసారి అడగలేదు. గోడ దూకడం తప్పే, ఆ తప్పు మీద నిలబడి నిజం చెప్పడం ఇంట్లో ఉన్నంతకాలం వాడికి రాలేదు, ఎందుకంటే ఇంట్లో వాడి బదులు చెప్పడానికి మామ్మ ఉంది.

మీవారు "హాస్టల్ అంటే దిక్కులేనివాళ్లకి" అని కూడా అన్నారని రాశారు. ఆయనకి చెప్పండి, మన ఉమ్మడి రాష్ట్రంలో గురుకులాలు మొదలైనప్పుడు, 1971లో సర్వేల్ ఊళ్లో, 72లో తాడికొండలో, కొడిగెనహళ్లిలో, పల్లెటూరి పిల్లల్లో చురుకైనవాళ్లని ఏరి తెచ్చి పట్నం పిల్లలకి దొరికే చదువు చెప్పాలన్న ఉద్దేశంతోనే పెట్టారు. తర్వాత నవోదయలు వచ్చాయి, మన పాత తూర్పుగోదావరి జిల్లాది పెద్దాపురంలో ఉంది, ఆరో తరగతి ఎంట్రన్స్‌కి ఎంత పోటీయో మీకే తెలుసు. వాటిలో చదివినవాళ్లు ఎంతమంది ఎక్కడెక్కడ ఉన్నారో ఆయనే ఒకసారి కనుక్కోమనండి.

తండ్రి సంగతి వచ్చింది గనక ఒకటి రాయాలి, ఇది చాలాకాలంగా ఎక్కడా రాయలేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను మీకు గుర్తుండే ఉంటుంది, కాకపోతే చిన్నపిల్లై ఉంటారు. నేనప్పుడు అంబాజీపేట దగ్గర చేస్తున్నాను. రాత్రంతా గాలి. తలుపులు ఊడిపోకుండా పదో తరగతి పిల్లలు వీపులానించి వంతులవారీగా నిలబడ్డారు, చిన్నవాళ్లని మంచాల కింద పడుకోబెట్టాం. తెల్లారి చూస్తే కొబ్బరితోట ఉన్న చోట ఆకాశం కనబడింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు, రోడ్ల మీద చెట్ల మీద చెట్లు. ఎవరి ఇల్లు ఉందో ఎవరిది పోయిందో తెలీదు. రెండోరోజు సాయంత్రం మసకచీకట్లో ఒకాయన వచ్చారు, కాట్రేనికోన వైపు నుంచి, పాతిక కిలోమీటర్ల పైనే, పడిపోయిన చెట్లు ఎక్కి దిగుతూ నడిచి వచ్చారు, పంచె మోకాళ్ల దాకా బురద. వరండాలో ఒక కుర్రాడు కొబ్బరాకులు ఊడుస్తుంటే "బాబూ, ఎనిమిదో తరగతి పిల్లలు ఎక్కడున్నారు, మా అబ్బాయి..." అని పేరు చెప్పారు. ఆ కుర్రాడు చీపురు పట్టుకునే "నేనే నాన్నా" అన్నాడు. జూన్‌లో దిగబెట్టినప్పుడు సన్నటి గొంతు, దసరాకి జ్వరమొచ్చి ఇంటికి వెళ్లలేదు. ఆయనకి ఆ గొంతు తెలీలేదు, "ఎవరు బాబూ?" అని మళ్లీ అడిగారు. "నేనే" అన్నాడు. ఆయన దగ్గరికొచ్చి మొహం పట్టుకుని చూసి, అప్పుడు అరుగు మీద కూలబడిపోయారు. వాడు లోపలికెళ్లి తన గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికి అందించి, పక్కన కూర్చుని "ఇల్లుందా నాన్నా" అని అడిగాడు. లేదన్నారాయన. "పోన్లే, మామ్మ ఉందా" అన్నాడు. ఉందన్నారు. ఆ జూన్ నెలంతా నా గది ముందు కూర్చుని ఇంటికెళ్లిపోతానని ఏడ్చిన కుర్రాడే వాడు.

ఇక మీరేం చెయ్యాలో చెప్తాను. ఈ ఆదివారం వెళ్లండి, కానీ కారు వద్దు, బస్సులో వెళ్లి బస్సులో రండి, కారు చూస్తే ఎక్కేద్దామనిపిస్తుంది వాడికి. గేటు దగ్గర తల నిమరకండి, చూడనివ్వండి ముందు, ఎవరూ లేని చోట వాడే దగ్గరికొస్తాడు, అప్పుడు నిమరండి. వేళ్ల సందులు, మణికట్లు ఒకసారి చూడండి, వానాకాలం హాస్టళ్లలో గజ్జి పాకుతుంది, ఉంటే మీవాడికొక్కడికే మందు రాస్తే పోదు, గదిలో అందరికీ ఒకేరోజు రాయించాలి, దుప్పట్లు ఉతికి ఎండలో వెయ్యాలి, ఆ మాట వార్డెన్‌తో చెప్పండి. దసరాకి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ ఏడుస్తాడు, జూన్‌లోకన్నా ఎక్కువ ఏడ్చినా ఏడుస్తాడు, ఆ రెండో బెంగకి మీరు సిద్ధంగా ఉండండి, దీపావళి దాటేసరికి తగ్గుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి నోటి నుంచి హాస్టల్ కథ ఒక్కటైనా, వాడే నవ్వుతూ చెప్పింది, వినబడకపోతే అప్పుడు నాకు మళ్లీ రాయండి, అప్పుడు తీసుకురావడం గురించి మాట్లాడుకుందాం.

మామ్మగారికి కూడా ఒక పని అప్పజెప్పండి, అన్నం తింటారు. వాడి గదిలో ఎంతమంది ఉన్నారో ఇవాళే ఫోన్ చేసి కనుక్కుని తలకి రెండు చొప్పున పొట్టిక్కలు వెయ్యమనండి, పొద్దున్నే ఆవిరి మీద దింపి అరటాకు చుట్టి మూతున్న గిన్నెలో పెట్టేస్తే పాలకొల్లు చేరేదాకా వెచ్చగానే ఉంటాయి, కొబ్బరి పచ్చడి విడిగా, మధ్యాహ్నానికి పులిసిపోకుండా పచ్చికొబ్బరి తక్కువ వేసి. గిన్నె వాడి చేతికే ఇచ్చెయ్యండి, మీరు పంచకండి. మీరు చెట్టు కింద కూర్చుని దూరం నుంచి చూడండి చాలు.